సింహాచలం చందనోత్సవానికి బయలుదేరే ముందు

ఈదురుగాలులు, వర్షం ఉంటే గోడల పక్కన, తాత్కాలిక పందిళ్ల కింద నిలబడవద్దు. 2025 ఏప్రిల్ 30న, ఇదే ఉత్సవం నాటి తెల్లవారుజామున, వానకు గోడ కూలి క్యూలో ఉన్న ఏడుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. కాసేపు తడిసినా ఫరవాలేదు.

తిథి సరిచూసుకోండి. వరాహ లక్ష్మీనృసింహస్వామి నిజరూప దర్శనం, అంటే చందనపు పూత లేని రూపాన్ని చూడటం, ఏటా వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడే. ఆ రాత్రి సహస్ర ఘటాభిషేకం చేసి మళ్లీ చందనం పూస్తారు. మర్నాడు వెళ్తే కనిపించేది చందనపు ముద్దే. నిజరూపం కోసం ఏడాది ఆగాలి.

పసిపిల్లలను, గుండె జబ్బు ఉన్న పెద్దవారిని ఆ రోజు తీసుకెళ్లకపోవడమే మంచిది. క్యూలో గంటలు గడుస్తాయి, ఎండ మాడ్చేస్తుంది. మిగతా రోజుల్లో చందనరూపంలో ఉన్నదీ ఆ స్వామే.

సొంత కారును నమ్ముకోవద్దు. కొండపైకి వాహనాలపై ఆంక్షలుంటాయి.

గుడిలో భక్తులు మొక్కుకునే కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుకోవాలంటే రద్దీ లేని మరో రోజు పెట్టుకోండి. ఉత్సవం నాడు ఆ తోపులాటలో మొక్కు నిదానంగా సాగదు.

గోడలకు, స్తంభాలకు పసుపు కుంకుమలు పూయకండి. 1516లో వచ్చిన శ్రీకృష్ణదేవరాయల శాసనంతో పాటు వందల శాసనాలు ఈ గుడి రాళ్లపైనే ఉన్నాయి. ఆ పొడి చెక్కిన గీతల్లో పేరుకుంటే అక్షరం చదవడానికి అందదు.