ఒక పేజీలో దొరికిన ఫైలు మరో పేజీలో దొరకకపోతే

సమస్య: మిర్యాలగూడలోని ఓ రైస్‌మిల్లుకు పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో బిల్లింగ్ ప్రోగ్రాం రాశారనుకుందాం. 'పేజీలు' ఫోల్డర్‌లో ఉన్న కాటా పేజీ బాగానే తెరుచుకుంటుంది. ప్రాజెక్టు మొదట్లో ఉన్న హోమ్ పేజీ మాత్రం 'ఫెయిల్డ్ టు ఓపెన్ స్ట్రీమ్' (ఫైలు తెరవలేకపోయాను) అని మొరాయిస్తుంది. రాత్రి క్రాన్‌లో (చెప్పిన టైముకు ప్రోగ్రాంలను తనంతట తానే నడిపే ఏర్పాటు) నడవాల్సిన స్టాక్ రిపోర్టుదీ అదే గోల. చూస్తే ఫైలు ఉండాల్సిన చోటే ఉంటుంది.

కారణం: అన్నీ 'కామన్' ఫోల్డర్‌లోని హెడర్‌నే పిలుస్తున్నాయి. ఆ హెడర్‌లో '../కామన్/డేటాబేస్' అని ఇన్‌క్లూడ్, అంటే మరో ఫైలును తెచ్చి కలపమనే ఆదేశం, ఉంది. అందులో రెండు చుక్కలంటే ఒక ఫోల్డర్ పైకి వెళ్లమని. రెండు చుక్కల లెక్క హెడర్ ఉన్న చోటి నుంచే మొదలవుతుందని మనం అనుకుంటాం. పీహెచ్‌పీ మాత్రం ప్రోగ్రాం ఆ సమయానికి ఏ ఫోల్డర్‌లో నడుస్తుంటే అక్కడి నుంచి మొదలుపెడుతుంది. 'వెనక సందులో' అంటే నల్గొండ గడియారం సెంటర్లో నిలబడ్డవాడికి ఒక సందు, బస్టాండులో ఉన్నవాడికి ఇంకో సందు. కాటా పేజీ నుంచి ఒక మెట్టు పైకెళ్తే 'కామన్' కనిపిస్తుంది. హోమ్ పేజీ నుంచి వెళ్తే ప్రాజెక్టే దాటిపోతాం. క్రాన్ మామూలుగా యూజర్ హోమ్ ఫోల్డర్‌లో మొదలవుతుంది, కాబట్టి అక్కడా అంతే. సీ భాషలో డబుల్ కోట్స్‌లో ఇచ్చిన ఇన్‌క్లూడ్‌ను ముందు ఆ ఫైలున్న ఫోల్డర్‌లోనే వెతుకుతారు. అందుకే సీ నేర్చుకుని వచ్చినవాళ్లు ఇక్కడ ఎక్కువ తికమకపడతారు.

నిర్ధారణకు, తప్పు చూపించే లైనుకు ముందు ప్రోగ్రాం ఇప్పుడు ఏ ఫోల్డర్‌లో నడుస్తోందో చెప్పే గెట్‌సీడబ్ల్యూడీ ఫంక్షన్ ఫలితాన్ని ప్రింట్ చేయండి. రెండు పేజీల్లో రెండు ఫోల్డర్లు వస్తే దొంగ దొరికినట్టే.

పరిష్కారం: ఇన్‌క్లూడ్‌లో ఇచ్చే దారిని పీహెచ్‌పీలోనే ఉన్న 'డిర్' కాన్‌స్టంట్‌తో మొదలుపెట్టండి. క్యాపిటల్ అక్షరాలు, ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లు. 2009లో వచ్చిన పీహెచ్‌పీ 5.3 నుంచి ఇది ఉంది. ఎవరు పిలిచినా, ఆ లైను ఉన్న ఫైలు ఫోల్డర్‌నే ఇస్తుంది. చివర స్లాష్ ఉండదు, మీరే '/డేటాబేస్' అని కలపాలి. చాలామంది ఇక్కడే జారతారు.

చుక్కలు తీసేసి ఉత్త ఫైలు పేరు రాస్తే కొన్నిసార్లు పనిచేస్తుంది. నా దృష్టిలో అది ఇంకా ప్రమాదం: నడుస్తున్న ఫోల్డర్‌లో అదే పేరుతో మరో 'సెట్టింగ్స్' ఉంటే, ఎర్రర్ లేకుండా అదే లోడైపోతుంది. సీహెచ్‌డిర్ ఫంక్షన్‌తో నడుస్తున్న ఫోల్డర్ మార్చడమూ వద్దు, మిగతా ఇన్‌క్లూడ్‌లు చెడిపోతాయి.

ఇదంతా సరిచేశాక విండోస్ సిస్టంలో నడిచి, లైనక్స్ సర్వర్లో మాత్రం ఆగిపోతే ఫైలు పేర్లలో చిన్న, పెద్ద అక్షరాలు చూడండి.