అడవిలో చిట్టెలుకలను ప్రాణంతో పట్టి, వివరాలు నమోదు చేసి వదిలేయడం ఎలా?

ముందు అటవీ అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. అది చేతికి రాకుండా ఒక్క బోను కూడా తెరవకూడదు.

చిట్టెలుకలకు మడతపెట్టే అల్యూమినియం షెర్మన్ బోను మంచిది. 8×9×23 సెంటీమీటర్ల సైజు చాలు. వరుసకు 7 చొప్పున 7 వరుసలు, బోనుకూ బోనుకూ 10 మీటర్ల ఎడం ఉంచండి. ప్రతి చోటా నంబరు రాసిన రిబ్బన్ కట్టాలి. బోనును పడిపోయిన దుంగ పక్కనో, వేర్ల మొదట్లోనో కదలకుండా పెట్టండి. అడుగు పెట్టగానే ఊగే బోనులోకి ఎలుక వెళ్లదు. లోపలి పలక కింద మట్టి చేరితే తలుపు పడదు, రోజూ తుడవాలి.

పొద్దుగూకే ముందు వేరుశనగ ముద్ద, ఓట్స్ కలిపిన చిన్న ఉండను ఎరగా పెట్టండి. వెనక మూలన గుప్పెడు దూది వేయాలి. చల్లబడిన లోహంలో 20 గ్రాముల ప్రాణి ఒంటి వేడి నిలవదు. తెల్లవారగానే అన్నీ చూసి, పగలు మూసేయండి. ఎండ తగిలితే లోపల బతకలేవు. చీమలు పట్టిన చోటు వెంటనే మార్చండి, అవి బోనులోని జంతువును చంపేస్తాయి. చుంచెలుకలు పడే చోట రాత్రంతా రెండు మూడు గంటలకోసారి చూడాలి, పురుగుల్ని మేతగా వేయాలి. కొద్ది గంటలు తిండి లేకపోయినా అవి చనిపోతాయి. అంత తరచుగా చూడలేకపోతే అక్కడ బోనులు పెట్టొద్దు.

చేతులకు గ్లవ్స్ వేసుకోండి. మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. గుడ్డ సంచి మూతిని బోను తలుపుకు బిగించి, జంతువును అందులోకి దించి స్ప్రింగ్ త్రాసుతో తూచండి. తర్వాత ఖాళీ సంచిని మళ్లీ తూచాలి. మూత్రంతో తడిసిన సంచి బరువు పెరుగుతుంది, పొద్దున తూచిన లెక్క పనికిరాదు. మెడ వెనక వదులు చర్మం పట్టుకోండి. తోక పట్టి లాగితే తోలు ఊడివస్తుంది.

తల-శరీరం, తోక, వెనక పాదం, చెవి పొడవులు కొలవండి. పాదాన్ని గోళ్లతో కొలిచారో, గోళ్లు వదిలేసి కొలిచారో రాయకపోతే ఆ అంకెను మరొకరి కొలతతో పోల్చలేం. మలద్వారానికీ జననాంగానికీ మధ్య దూరం మగవాటిలో ఎక్కువ. నడుము దగ్గర కొంచెం బొచ్చు కత్తిరిస్తే కొద్ది రోజుల పాటు గుర్తుగా ఉంటుంది. పట్టిన బోను దగ్గరే వదలండి.

పెన్సిల్‌తో అక్కడికక్కడే రాయండి: తేదీ, బోను నంబరు, జాతి, లింగం, బరువు, కొత్తదా మళ్లీ పడిందా. జంతువు లేకుండా మూసుకున్న బోనులనూ రాయాలి, ఎక్కువమంది వదిలేసేది ఇదే. 49 బోనులు 4 రాత్రులు పెడితే 196 బోను-రాత్రులు. 12 సార్లు జంతువు పడి, 10 సార్లు బోను ఖాళీగా మూసుకుంటే, మొత్తం 22 సార్లు మూసుకున్నట్టు; ఒక్కోదానికి సగం రాత్రి చొప్పున 11 తీసేయాలి. మిగిలిన 185 మీద 12 అంటే నూరు బోను-రాత్రులకు 6.5.