పిల్లలు ఫోన్ దాచేస్తున్నారా? ఎక్కడ తేడా ఉందో, ఏం చేయాలో

శ్రీకాకుళం తీరంలో చాలా ఇళ్లలో నాన్న వేటకని గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిపోతాడు, లేదంటే అమ్మానాన్నలిద్దరూ హైదరాబాదుకో చెన్నైకో పనికి పోతారు, పిల్లలు తాత, మామ్మల దగ్గర పెరుగుతారు. వీడియో కాల్ కోసం కొన్న ఫోన్ రోజంతా పిల్లల చేతిలోనే ఉంటుంది. ఇంట్లో దాని గురించి బాగా తెలిసింది కూడా వాళ్లకే. అందుకని ఫోన్‌తో పాటు పిల్లల్నీ కాస్త గమనిస్తూ ఉండాలి.

సమస్య: తాత ఖాతాలో డబ్బులు కొద్దికొద్దిగా పోతున్నాయి

ముందే దొంగతనం అనేయకండి. తాతకు యూపీఐ పిన్ కొట్టడం రాదు, ప్రతిసారీ మనవడితోనే కొట్టిస్తాడు, వాడు అదే పిన్‌తో గేములో డైమండ్లు కొంటాడు. పిన్ మార్చి, కొట్టడం తాతకే నేర్పండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ పెట్టండి. డబ్బు పెట్టి ఆడే యాప్ కనిపిస్తే తీసేయండి, అలాంటి ఆటల్ని 2025 చట్టం నిషేధించింది.

సమస్య: క్లాస్ గ్రూపులో తిట్లు, తోటిపిల్లల ఫొటోలతో వెటకారం స్టిక్కర్లు

ఎదుటివాళ్ల మొహం కనపడదు కాబట్టి ఎంత బాధపడ్డారో తెలీదు. పైగా సిరిమానోత్సవానికి వెళ్లి, తెలియనివాళ్లని కూడా ఫొటో తీసి అడక్కుండా స్టేటస్‌లో పెట్టేది మనమే కదా, ఇక పిల్లలకు అది తప్పని ఎలా తెలుస్తుంది? స్టిక్కర్‌ని ఇక ఎవరికీ కనపడకుండా పోయేలా డిలీట్ చేయించండి, ఏ గ్రూపులో ఏడిపించాడో అదే గ్రూపులో సారీ చెప్పించండి, ఆ పిల్లతో విడిగా కూడా మాట్లాడించండి. ఫొటో పెట్టే ముందు అందులో ఉన్నవాళ్లను అడగాలన్న నియమం ఇంట్లో పెద్దలకూ వర్తించాలి.

సమస్య: మనం దగ్గరికి వెళ్తే స్క్రీన్ ఆపేస్తున్నారు, అన్నం సరిగా తినరు, రాత్రి మెసేజ్ వస్తే ఉలిక్కిపడుతున్నారు

ఇది ప్రేమ వ్యవహారమే అనుకుని తిట్టడం మొదలుపెడతారు చాలామంది. అయ్యుండొచ్చు, కానీ బెదిరింపు కూడా అయ్యుండొచ్చు. గేము చాట్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పరిచయమైన ఒక "అన్నయ్య" తీయగా మాట్లాడి బట్టల్లేని ఫొటో పంపించుకుని, ఇప్పుడు డబ్బులో ఇంకా ఫొటోలో ఇవ్వకపోతే మీ వాళ్లకి పంపేస్తానంటాడు. ఇంట్లో చెబితే ఫోన్ లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు అన్న భయంతో పిల్ల నోరు విప్పదు. బెదిరించేవాడికి కావాల్సింది కూడా ఆ భయమే.

కాబట్టి మొదట "నీ తప్పేం లేదమ్మా, ఫోన్ తీసుకోను, ఏం జరిగిందో చెప్పు" అనండి, అన్నాక ఆ మాట మీద నిలబడండి. డబ్బు పంపొద్దు, పంపితే మళ్లీ అడుగుతాడు. చాట్ డిలీట్ చేయొద్దు, అదే సాక్ష్యం. వాడి యూజర్‌నేమ్, నంబరు కనపడేలా స్క్రీన్‌షాట్లు తీశాక బ్లాక్ చేయండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, బెదిరింపులకు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి, పిల్లల సాయానికి 1098 ఉంది. టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ కూడా ఉంది, 18 ఏళ్లలోపు తీసిన అలాంటి ఫొటోలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల వ్యాపించకుండా ఆపడానికి అది సాయపడుతుంది, దానికోసం ఫొటోను ఎవరికీ పంపనక్కర్లేదు.

ఊళ్లో పరువు పోతుందని ఆగిపోతారు, అది నాకు అర్థమవుతుంది. అయితే పిల్లలపై లైంగిక నేరాల్ని ఆపడానికి తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల వాంగ్మూలాన్ని ఇంట్లోనో వాళ్లు కోరిన చోటో తీసుకోవాలి, తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, పిల్లల పేరు బయటపెట్టకూడదు. ఈ సంగతి మామ్మకి, తాతకి ముందే చెప్పి ఉంచండి.

సమస్య: ఇన్‌స్టాగ్రామ్‌లో పిల్లలకు టీన్ అకౌంట్ అని, తెలియనివాళ్లు మెసేజ్ పెట్టకుండా రక్షణ ఉందన్నారు, అయినా ఎవరెవరో మెసేజ్‌లు పెడుతున్నారు

అకౌంట్ తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం తప్పు ఇచ్చి ఉంటారు, అందుకే దాన్ని పెద్దవాళ్ల అకౌంట్ కింద లెక్కేస్తోంది. పక్కన కూర్చుని సరిచేయించండి. 13 నిండకపోతే అసలు అకౌంటే ఉండకూడదు. దూరంలో ఉన్న నాన్న వీడియో కాల్‌లో ఉన్నప్పుడే ఇది చేయించడం మంచిది, ఎందుకంటే 16 ఏళ్లలోపు పిల్లలు ఆ రక్షణలు సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, ఆ రిక్వెస్ట్ వచ్చేది ఆయన ఫోన్‌కి కావచ్చు.