పాత ఎలక్ట్రిక్ గిటార్: గరగర వినండి, ముద్రలు వెతకండి

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో కొన్నా, సికింద్రాబాద్‌లో చుట్టాల ఇంటి అటక మీద దొరికినా, పాత గిటార్‌ని వెంటనే తుడవకండి. ముందు ఫొటోలు తీయండి. రిపేరుకి విప్పే చోట్లే అది ఎక్కడ తయారైందో తెలిపే ఆనవాళ్లు ఉంటాయి. నాది ఒక షాపులో ఇస్తే, మెరవాలని మెడ వెనక ప్లేటు మార్చి పాతది పారేశారు. అడిగితే "తుప్పు పట్టింది కదా సార్" అన్నారు!

నాబ్ తిప్పితే గరగర

నాబ్ కింద ఉండే వాల్యూమ్ పాట్ (శబ్దాన్ని పెంచే, తగ్గించే భాగం) లోపల దుమ్ము చేరింది. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ కాంటాక్ట్ క్లీనర్ అడగండి. పాట్ సందులో కొంచెం కొట్టి, నాబ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకు ఇరవై సార్లు తిప్పండి. తలుపు బందులకు వాడే స్ప్రే వద్దు, జిడ్డు మిగులుతుంది. అప్పటికీ తగ్గకపోతే పాట్ మార్చాలి.

మార్చే ముందు దాని వీపు చూడండి. 1376632 అని ఉంటే 137 అంటే సీటీఎస్ అనే అమెరికన్ కంపెనీ, 66 అంటే 1966, 32 అంటే ఆ ఏడాది 32వ వారం. పాట్ అసలుదే అయితే గిటార్ అంతకంటే పాతది కాదు. అది పాట్ పుట్టిన తేదీ మాత్రమే, గిటార్‌ది కాదు. తీసేసిన పాట్‌ని కవర్లో దాచండి.

హమ్

తీగలు ముట్టుకుంటే హమ్ (ఆంప్లిఫయర్‌లో జుమ్మనే మోత) తగ్గితే గ్రౌండ్ బాగానే ఉంది, లోపల షీల్డింగ్ (బయటి రొదను ఆపే లోహపు పొర) తక్కువ. ముట్టుకున్నా తేడా లేకపోతే బ్రిడ్జి (తీగలు ఆనే లోహపు భాగం) కిందికి వెళ్లే గ్రౌండ్ వైరు ఊడి ఉండొచ్చు, టంకం వేస్తే సరిపోతుంది. తీగలు ముట్టుకోగానే జిల్లుమంటే మాత్రం వాయించడం ఆపేయండి. అది ఆంప్ లోపమో, పాత ఇంటి ప్లగ్గులో ఎర్తింగ్ లేకపోవడమో. ఎలక్ట్రీషియన్‌కి చూపించే దాకా ప్లగ్ పెట్టొద్దు.

ఒక పికప్ మూగబోయింది

పికప్ అంటే తీగల కదలికను కరెంటుగా మార్చే వైరు చుట్ట. దాన్ని మల్టీమీటర్‌తో కొలవండి. ఒకే చుట్ట ఉండే మామూలు సింగిల్ కాయిల్ పికప్ 5 నుంచి 8 కిలో ఓమ్స్ చూపిస్తుంది. ఏమీ చూపకపోతే వైరు తెగింది. చాలాసార్లు బయటి కొస దగ్గరే తెగుతుంది, భూతద్దం కింద అతికించవచ్చు. లోపల తెగితే మళ్లీ చుట్టించాలి.

మే నెలలో ఫ్రెట్ చివరలు గుచ్చుకోవడం

ఫ్రెట్లంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు. కలప ఎండి కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకోదు. ఆకురాయి పట్టొద్దు. వానలు పడేదాకా ఆగి చూడండి.

ఇంతకీ ఎక్కడిది?

మెడ పై కొసన, తలకట్టు మీద ఉన్న పేరుని నమ్మకండి. 1960లలో జపాన్ ఫ్యాక్టరీలు తయారుచేసిన గిటార్లకు అమెరికా దిగుమతిదారులు తమ పేర్లు వేసుకున్నారు. మెడ ప్లేటు మీద "స్టీల్ రీఇన్‌ఫోర్స్‌డ్ నెక్" అని ఉంటే అది మట్సుమోటో పట్టణంలోని మట్సుమోకు ఫ్యాక్టరీది కావచ్చు. అది 1987లో మూతపడింది. ఆ ఒక్క ఆధారం చాలదు. 1975 చివరి నుంచి 1986 దాకా జపాన్‌లో తయారైన ఐబనీజ్ కంపెనీ గిటార్ల లెక్క సులువు: సీరియల్ నంబరు హెచ్78తో మొదలైతే 1978 ఆగస్టు (హెచ్ ఎనిమిదో అక్షరం).

ప్లేటు పోయాక నాకు మిగిలింది మెడ లోపలి భాగమే. నాలుగు మరలూ విప్పి, తుడవకుండా టార్చి వేశాను. మడమ (మెడ ఒంటికి అతుక్కునే కొస) మీద ఎర్ర సిరాతో సగం చెరిగిన గుండ్రటి ముద్ర కనిపించింది. లోపల జపనీస్ అక్షరాలు.