ఇంట్లోనే వీల్ అలైన్‌మెంట్ – మూడో పాఠం: ముందు క్యాంబర్, ఆఖర్న టో

పోయిన పాఠంలో గరాజ్ నేల మట్టం చూసుకున్నాం, కారుకు రెండు పక్కలా దారం కట్టుకున్నాం. ఈసారి స్పానర్ పట్టుకుందాం. క్యాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరిగిన కోణం; టో అంటే పై నుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండటం. పాఠాల కారు అదే: 2005 సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ, 225/45 ఆర్17 టైర్లు. మిత్సుబిషి ఎవో కారు ఉన్నవాళ్లు కూడా కొలతలు ఇలాగే తీసుకోవచ్చు, బోల్టుల అమరిక మాత్రం వేరు.

ముందుగా నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పేస్తాను. కారు కొన్న కొత్తలో ముందు చక్రాలకు క్యాంబర్ పెంచుకుని, టో చూడకుండా వదిలేశాను. స్టీరింగ్ కాస్త ఎడమకు తిరిగి ఉండేది. అలవాటైపోయింది. కొన్ని నెలలకు ఆయిల్ మారుద్దామని కారు కిందకి దూరితే, ముందు టైర్ల లోపలి అంచులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. బయట నిలబడి చూస్తే కొత్త టైర్లలాగే ఉన్నాయి మరి! మామూలు కారైతే రెండు టైర్లు కొని ఊరుకునేవాణ్ణి. ఈ కారు ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పుతుంది, కాబట్టి అలా కుదరదు. నాలుగు టైర్ల చుట్టుకొలతలోనూ తేడా పావు అంగుళం, అంటే 6.4 మిల్లీమీటర్లు దాటకూడదని సుబారు చెబుతుంది. ముందు కొత్తవి, వెనక అరిగినవి ఉంటే వెనకవి ఎప్పుడూ కొంచెం ఎక్కువ తిరుగుతాయి. ఆ తేడానంతా తిన్నటి రోడ్డు మీద కూడా ముందు, వెనక ఇరుసులకు ఇంజిన్ బలాన్ని పంచే సెంటర్ డిఫరెన్షియలే భరించాలి. చేసేది లేక నాలుగూ కొన్నాను. ఆ బిల్లు చూశాకే ఈ పాఠాలు రాయాలనిపించింది.

అంత గొడవైతే క్యాంబర్ జోలికి వెళ్లడం ఎందుకు అంటారా? ఈ కారు ఇంజిన్ బరువంతా ముందు ఇరుసు కన్నా ముందుకే ఉంటుంది. పైగా ముందువైపు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే నిలువు కాలు) సస్పెన్షన్. మలుపులో బాడీ ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా దానితోపాటు ఒరిగి, టైరు బయటి అంచు మీదే బరువు పడుతుంది. అప్పుడు స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు బయటికే పోతుంది, అదే అండర్‌స్టీర్. నిలబడి ఉన్నప్పుడే చక్రం పైభాగాన్ని లోపలికి వంచి ఉంచితే, ఒరిగాక టైరు నేల మీద సరిగ్గా పరుచుకుంటుంది. రోడ్డు మీద తిరుగుతూ, అప్పుడప్పుడు ట్రాక్‌కి వెళ్లే కారుకు ముందు చక్రాలకు మైనస్ 1.5 డిగ్రీలు (మైనస్ అంటే పైభాగం లోపలికి) చాలు. మైనస్ 3 పెట్టుకున్నామని గొప్పలు పోయేవాళ్లను పట్టించుకోకండి, వాళ్ల టైర్లు వాళ్లిష్టం.

కారు ఎత్తి చక్రం తీయండి. స్ట్రట్‌ను నకిల్‌కి (చక్రాన్ని మోసే లోహపు ముక్కకి) పట్టి ఉంచే బోల్టులు రెండు కనిపిస్తాయి. పైదాని తల కింద భాగం గుండ్రంగా కాకుండా ఒక పక్కకు ఉబ్బి ఉంటుంది, తల మీద గీతలు ఉంటాయి. క్యాంబర్ మార్చేది అదే. ఇప్పుడున్న చోట పెయింట్ పెన్‌తో గుర్తు పెట్టుకోండి. సడలించేటప్పుడు, బిగించేటప్పుడు బోల్టు తలను కదలకుండా పట్టుకుని నట్టును తిప్పాలి. రెండు నట్లూ వదులయ్యాకే తలను తిప్పి చక్రం పైభాగాన్ని లోపలికి జరపాలి. ఒక పక్క 1.5 వచ్చి రెండో పక్క 1.2 దగ్గరే ఆగిపోతే, రెంటినీ 1.2కే పెట్టండి. మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించి, చక్రం వేసి దించండి.

దించగానే కొలవకండి. గాల్లో వేలాడిన సస్పెన్షన్ వెంటనే సర్దుకోదు. కారును నాలుగడుగులు ముందుకీ వెనక్కీ దొర్లించి, బానెట్‌ను రెండు మూడుసార్లు నొక్కి వదలండి. డ్రైవర్ సీట్లో మీ బరువుకి సరిపడా సోనా మసూరి బస్తాలు పెట్టండి. అమెరికాలో మన ఇళ్లల్లో 20 పౌండ్ల బియ్యం సంచులకు కరువేముంది! ఇప్పుడు డిజిటల్ యాంగిల్ గేజ్‌ను నేల మీద సున్నా చేసి, రిమ్ పై అంచుకీ కింది అంచుకీ ఆనించి చదవండి. గేజ్ లేకపోతే దారానికి బరువు కట్టి రిమ్ పక్కన వేలాడదీయండి. 450 మిల్లీమీటర్ల రిమ్‌కి 1.5 డిగ్రీలంటే పై అంచు కింది అంచు కంటే దాదాపు 12 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి.

క్యాంబర్ కదిలిస్తే టో కూడా కదులుతుంది. నేను మర్చిపోయింది ఇదే.

ముందు టో ముట్టుకునే ముందు వెనక టో చూడాలి, ఎందుకంటే కారు నడిచే దారిని నిర్ణయించేది వెనక చక్రాలు. రెండు పక్కలా సమానంగా, సున్నా నుంచి 1 మిల్లీమీటరు లోపలికి ఉంటే చాలు. తేడా ఉంటే ఎలా దిద్దాలో వచ్చే పాఠంలో చూద్దాం.

ఇక ముందు టో. స్టీరింగ్ తిన్నగా పెట్టి కదలకుండా కట్టేయండి. చక్రాలు సులువుగా తిరగడానికి ఒక్కో చక్రం కింద గ్రీజు రాసిన రెండు వినైల్ టైల్స్ ఒకదాని మీద ఒకటి పెట్టండి. దారం నుంచి రిమ్ ముందు అంచుకి, వెనక అంచుకి ఎంత దూరమో కొలవండి. ఎడమ చక్రానికి ముందు 148, వెనక 146 వచ్చిందనుకోండి. ముందు అంచు 2 మిల్లీమీటర్లు లోపలికి ఉంది, అంటే టో-ఇన్. కుడి చక్రానికి రెండూ 147, అది సరిగ్గా ఉంది. మనకు రెండు పక్కలా సున్నా కావాలి. ఎడమ టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ) లాక్ నట్టు వదులు చేసి, రాడ్‌ను పావు చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. ఎటు తిప్పితే ఎటు జరుగుతుందో మొదటి పావు చుట్టులోనే తెలిసిపోతుంది.

ఆ 2 మిల్లీమీటర్లను తేలిగ్గా తీసుకోకండి. 450 మిల్లీమీటర్ల రిమ్ మీద 2 మిల్లీమీటర్లంటే, లెక్క ప్రకారం ప్రతి కిలోమీటరుకూ ఆ టైరు నాలుగున్నర మీటర్లు అడ్డంగా రాసుకుపోతున్నట్టే. ఒక్క క్యాంబర్‌తో టైరు అంత త్వరగా అరగదు. క్యాంబర్‌కి తప్పు టో తోడైతేనే లోపలి అంచు పోతుంది.

వచ్చే వారంలోగా మీ కారు నాలుగు చక్రాల టో కొలిచి, ఎనిమిది అంకెలూ కాగితం మీద రాసి పెట్టుకోండి. బోల్టులేవీ ముట్టుకోవద్దు. వెనక చక్రాల పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.