సాటా మూడో పిన్: తిరగని హార్డ్ డిస్కులు మళ్లీ తిరిగాయి

పాత డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో ఇంటికి స్టోరేజ్ సర్వర్ కట్టుకున్నాను. నాలుగు 8 టీబీ డిస్కులు, సర్వర్‌ను నడిపే ట్రూనాస్ సాఫ్ట్‌వేర్, డిస్కు పోయినా డేటా నిలిచేలా సర్దే రెయిడ్ జెడ్2 పద్ధతి. రెండు డిస్కులు ఒకేసారి పోయినా అమ్మానాన్నల ఫొటోలు, పెళ్లి వీడియోలు భద్రంగా ఉంటాయి. అందుకోసం సగం జాగా వదులుకోవడం నాకు ఇష్టమే.

డిస్కులన్నీ యూఎస్‌బీ ఎక్స్‌టర్నల్ డ్రైవుల డబ్బాల్లోంచి విప్పి తీసినవి. పాత పవర్ సప్లైకి తగిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే బయాస్ సెట్టింగుల్లో కనిపించవు, చెయ్యి ఆనిస్తే అదురు కూడా తెలియదు. టెన్షన్ పట్టుకుంది. మళ్లీ డబ్బాలోని యూఎస్‌బీ బోర్డుకు పెడితే మాత్రం గిర్రున తిరిగాయి!

కిటుకంతా డిస్కుకు కరెంటు అందించే సాటా పవర్ కనెక్టర్‌లో ఉంది. దాని 15 పిన్నుల్లో మొదటి మూడూ ఒకప్పుడు 3.3 వోల్టులవి. సాటా 3.3 ప్రమాణం వచ్చాక మూడో పిన్‌ను డిస్కును ఆపే సంకేతానికి ఇచ్చారు. పాత సప్లై అక్కడ కరెంటు ఇస్తూనే ఉంటుంది కాబట్టి డిస్క్ లేవదు.

వేడిని తట్టుకునే, కరెంటు పారనివ్వని క్యాప్టన్ టేపును సన్నని పీలికగా కోసి, పట్టకారుతో డిస్క్ మూడో పిన్ మీద అంటించి, గోరుతో అదిమాను. పిన్నులు డేటా కనెక్టర్ వైపు నుంచి లెక్కపెట్టాలి. మొదటి మూడూ మూసినా ఫర్వాలేదు, ఈ డిస్కులకు 3.3 వోల్టులతో పనిలేదు. మామూలు ఎలక్ట్రికల్ టేపు వద్దు, మందం ఎక్కువ, వేడికి జిగురు జారుతుంది. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ ప్లగ్ నుంచి సాటాకు మార్చే అడాప్టర్‌తోనూ పని జరుగుతుంది కానీ, పోతపోసిన రకం కాలిపోయిన సందర్భాలున్నాయి, నేను వాడను.

నాలుగూ లేచాయి. డిస్కు తనను తాను పూర్తిగా పరీక్షించుకునే స్మార్ట్ లాంగ్ టెస్ట్ నడిపి, తప్పుల్లేవని చూసుకున్నాకే నాలుగింటినీ కలిపి ఒకే స్టోరేజ్ పూల్‌గా కట్టాను.