చదువులో వెనకబడుతున్న బిడ్డకు బడి నుంచి సాయం ఎలా అడగాలి

మూడో తరగతి దాటినా పిల్లవాడు 'పలక'ను 'వలక' అని చదువుతుంటే, ఒత్తు వదిలేసి 'అమ్మ'ను 'అమ' అని రాస్తుంటే, అదే పాఠం నోటితో అడిగినప్పుడు మాత్రం తడుముకోకుండా చెబుతుంటే, దాన్ని బద్ధకమనో మొండితనమనో తీసిపారేయకూడదు. అది అభ్యసన వైకల్యం కావచ్చు. చదవడంలోనో, రాయడంలోనో, లెక్కల్లోనో వచ్చే ఈ ఇబ్బందికి తెలివి తక్కువగా ఉండటం కారణం కాదు. హనుమకొండలో మా అబ్బాయి నాలుగో తరగతి చదువుతున్నప్పుడు, 'ఇంట్లో చదివించడం లేదు' అని బడిలో అన్న మాటనే నమ్మి, ఏడాది పాటు వాడిని రెండు ట్యూషన్లకు తిప్పాను. వాడు రోజూ ఏడుస్తూ వెళ్ళాడు. ఆ ఏడాది నేను చేయవలసిన పని ఏమిటో తర్వాత తెలిసింది కాబట్టి, ఇంకొకరికి ఆ ఆలస్యం జరగకూడదని ఇది రాస్తున్నాను.

మొదట కంటి చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. అవి బాగానే ఉన్నాయని తేలాక ఒక నెల రోజుల నోటు పుస్తకాలను పారేయకుండా దాచండి. ఒక ఆదివారం అయిదు ప్రశ్నలు నోటితో అడిగి, అవే ప్రశ్నలకు జవాబులు రాయించి, రెండింటికీ పట్టిన సమయాన్ని పక్కన రాయండి. మా వాడు నోటితో నాలుగు నిమిషాల్లో చెప్పిన జవాబులను రాయడానికి ముప్పై అయిదు నిమిషాలు తీసుకున్నాడు. ఆ ఒక్క కాగితం హెడ్మాస్టరు గారి ముందు పెట్టినప్పుడు, అంతకు ముందు నేను మూడుసార్లు వెళ్ళి బతిమాలినా రాని స్పందన వచ్చింది.

తర్వాత చట్టం ఏం చెబుతుందో తెలుసుకొని వెళ్ళాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. ఆ చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులతో సహా, పిల్లల్లో ఈ వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించి, దానికి తగిన బోధనా పద్ధతులు పాటించవలసిన బాధ్యత విద్యాసంస్థలదే. అంటే గుర్తించే బాధ్యత బడికి కూడా ఉంది కాబట్టి, 'ముందు వైకల్య సర్టిఫికెట్ తెండి, తర్వాత చూద్దాం' అని వాళ్ళు అంటే ఆగిపోనవసరం లేదు. తరగతి గదిలో చేసే మార్పులను సర్టిఫికెట్ రాకముందే అడగవచ్చు.

అడగడం మాత్రం కాగితం మీదే జరగాలి. హెడ్మాస్టరు పేరున దరఖాస్తు రాసి, ఇన్‌వార్డులో (ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట) ఇచ్చి, మీ దగ్గర ఉంచుకునే ప్రతిపై ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోవడానికి నిరాకరిస్తే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. 'మా బాబుపై శ్రద్ధ పెట్టండి' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ముందు వరుసలో కూర్చోబెట్టడం, బోర్డు మీది నోట్సు జిరాక్సు ఇవ్వడం, యూనిట్ పరీక్షల్లో అరగంట అదనంగా ఇవ్వడం, అందరి ముందు గట్టిగా చదవమని నిలబెట్టకపోవడం, సైన్సు, సోషల్‌లో అక్షర దోషాలకు మార్కులు తీయకపోవడం వంటివి ఒక్కొక్కటిగా రాయండి. మొదట మూడు నాలుగు అడగడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే అరవై మంది ఉన్న తరగతిలో ఒక టీచరు నిజంగా అమలు చేయగలిగినవే నిలుస్తాయి. ఆరు వారాల తర్వాత మళ్ళీ కూర్చుని చూద్దామని ఒక తేదీని కూడా అదే కాగితంలో కోరండి.

ప్రభుత్వ బడి అయితే సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పనిచేసే భవిత కేంద్రం గురించి అడగండి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులను ఐ.ఇ.ఆర్.పి. (ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్) అంటారు, మండల విద్యాధికారి కార్యాలయంలో వివరాలు దొరుకుతాయి.

పదో తరగతి పరీక్షల వెసులుబాట్లకు మాత్రం సర్టిఫికెట్ కావాలి. అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాష నుంచి మినహాయింపు వంటివి చట్టంలోని 17వ సెక్షన్‌లోనే ఉన్నాయి. వికలాంగుల గుర్తింపు కార్డు, సర్టిఫికెట్ ఇచ్చే యు.డి.ఐ.డి. పోర్టల్‌లో దరఖాస్తు చేసుకుంటే ప్రభుత్వ వైద్య బృందం పరీక్షిస్తుంది. వరంగల్ చుట్టుపక్కల వాళ్ళు ఎం.జి.ఎం. ఆసుపత్రిలో విచారించుకోవచ్చు. ఈ పని పదో తరగతి దాకా వాయిదా వేయకండి, ఎనిమిదిలోనే మొదలుపెట్టండి. వైకల్యం 40 శాతం కంటే తక్కువ వచ్చిందని నిరాశ పడవద్దు: రాసిపెట్టే సహాయకుడి సౌకర్యాన్ని 40 శాతం లేదా అంతకు మించి ఉన్న వారికే పరిమితం చేయకూడదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

కొన్ని బడులు 'టి.సి. తీసుకోండి' అని మెల్లగా అంటాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లవాడిని బడి నుంచి తీసివేయకూడదు. కొట్టడం, మానసికంగా వేధించడం కూడా నిషిద్ధమే. టి.సి. తీసుకోమన్నవారిని ఆ మాటనే కాగితం మీద రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. దరఖాస్తుకు జవాబు రాకపోతే, ముద్ర ఉన్న ప్రతిని జతచేసి ముందు మండల విద్యాధికారికి, తర్వాత జిల్లా విద్యాధికారికి ఇవ్వండి. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ పెట్టవచ్చు, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కూ ఫిర్యాదు చేయవచ్చు.

ఒక సంవత్సరం కుదిరిన ఏర్పాట్లు తర్వాతి తరగతికి వాటంతట అవే వెళ్ళవు. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే, పాత దరఖాస్తు, బడి ఒప్పుకున్న మార్పుల కాగితం, నిరుటి నోటు పుస్తకంలోని రెండు పేజీలు తీసుకుని కొత్త క్లాసు టీచరును కలవండి.